నీలం గొంతు తొండ

ఏప్రిల్ 3, ఉదయం 9:40
క్వారీ వెనక బీడులో గంటన్నర బోర్లా పడుకున్నాను. మోచేతులు చీరుకుపోయాయి. చివరికి మగ తొండ రాయెక్కి గొంతు కింది తోలుని విసనకర్రలా విప్పింది. నీలం, నలుపు, కింద నారింజ. ఐదువందల ఎంఎం కెమెరా లెన్స్ నేలకి ఆనించి, దాని కంటికి సమానంగా నా కన్ను. పదకొండు ఫ్రేములు. దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 4
నాకు ఫోటోలు తీయడం నేర్పిన మాస్టారికి చూపించాను. పదేళ్ల కిందట ఫోటో కోసం నేల మీద బోర్లా పడుకోవాలని మొదట చెప్పింది ఆయనే. నిలబడి తీస్తే చిన్న ప్రాణుల్ని చిన్నచూపు చూసినట్టే అనేవారు. ఇప్పుడు ఆయన మోకాళ్లు వంగవు. చేతికర్ర లేనిదే గుమ్మం దాటలేరు. ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. తర్వాత, ఎక్కడమ్మా ఇది, అని అడిగారు. చోటు ఎవరికీ చెప్పకూడదన్నది ఆయన పెట్టిన రూలే. అయినా చెప్పేశాను. ఆయనకి కాక ఎవరికి చెబుతాను?

ఏప్రిల్ 9
ఆడది మట్టి తవ్వి గుడ్లు పెట్టింది. పూడ్చి, మూతితో అదిమి అదిమి చదును చేసింది. కెమెరా పక్కన పెట్టి చూస్తూ ఉండిపోయాను.

ఏప్రిల్ 13
ఆఫీసు. లీవ్ ఇవ్వలేదు.

ఏప్రిల్ 16
బీడంతా టైర్ల గుర్తులు. రాళ్లన్నీ తిరగేసి ఉన్నాయి. గుడ్ల చోట బూటు ముద్రలు, నలిగిన గుడ్లు, చీమలు. మగ తొండ రాయి మీదే ఉంది. నడుముకి దారం. ఎండకి ఎండిపోయింది.

క్వారీ వాచ్‌మన్ చెప్పాడు. ఆదివారం వ్యాన్‌లో తొమ్మిదిమంది కెమెరాలతో వచ్చారట. ఒకదాన్ని కట్టేస్తే ఇంకోటి పోట్లాటకొచ్చి గొంతు విప్పుతుందని అలా చేశారట. ఒక పెద్దాయన మడత కుర్చీలో కూర్చుని అన్నీ చెప్పి తీయించారట. చేతికర్ర ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

ఏప్రిల్ 17
అరవాలనే వెళ్లాను. తలుపు ఆయనే తీశారు. దారం కట్టింది తన దగ్గర ఫోటోలు నేర్చుకునే స్టూడెంట్లేనన్నారు. మీరెందుకు ఆపలేదని అడిగాను. నేను నేల మీద పడుకోలేను, గంటలకొద్దీ కాచుకోలేను, పోయేలోగా ఒక్కసారి కళ్లారా చూద్దామనుకున్నానమ్మా, అన్నారు. చూశారా అని అడిగాను. చూశానన్నారు. తలెత్తలేదు. బాగుంది, అన్నారు.

అరవలేకపోయాను.

ఏప్రిల్ 18
ఆయన మీద ఒట్టి కోపమే అయితే బాగుండేది. చోటు చెప్పింది నేను.

ఏప్రిల్ 26
మాస్టారు ఫోన్ చేశారు. ఎత్తాను. ఆయన ఊపిరి వింటూ ఉండిపోయాను, పెట్టెయ్యలేదు. నాలుగు నిమిషాలు.