గేటు పాసు లేని ప్రాసెసర్

డిజైన్ సెక్షన్ ఇంజనీరు గారికి,
స్టోర్స్ ఆఫీసరు నమస్కరించి రాయునది.

మీరు తయారుచేసిన గింజలు ఏరే యంత్రాన్ని బయటికి పంపమని కోరుతూ రాసిన కాగితం అందింది. అందులో 'ప్రాసెసర్ ఒకటి, సొంత తయారీ' అని ఉంది. నా రిజిస్టరు ప్రకారం మీకు ఇచ్చిన సామానులో ఉన్నది ఖాళీ చిప్పే, ప్రాసెసర్ కాదు. మరి ఈ ప్రాసెసర్ ఏ రోజున, ఏ బండిలో, ఎవరి సంతకంతో గేటు లోపలికి వచ్చిందో తెలియజేయగలరు.

మూత తీయించి నేనే స్వయంగా చూశాను. చిప్పు మేమిచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ప్రాసెసర్ జాడ లేదు. అది చూపించేదాకా యంత్రం గేటు దాటదు.

ఇట్లు,
స్టోర్స్ ఆఫీసరు

తా.క. మీ అక్క ఆదివారం భోజనానికి రమ్మంది. వచ్చేటప్పుడు ఆ ప్రాసెసర్ని సంచిలో వేసుకురా. అక్కడే చూసి సంతకం పెట్టేస్తాను.

*

స్టోర్స్ ఆఫీసరు గారైన బావగారికి,
మీ మరదలు నమస్కరించి రాస్తున్నది.

బావగారూ, ఇరవయ్యో తారీఖున కొనేవాళ్ళ మిల్లులో మన యంత్రానికి పరీక్ష. ఆ రోజుకి అది అక్కడ లేకపోతే మా ముగ్గురి సెక్షన్ మూసేస్తామని పెద్దవాళ్ళు మొహం మీదే చెప్పారు. నా నాలుగేళ్ళ పని మీ సంతకం మీద ఆగి ఉంది.

ప్రాసెసర్ గేటులోంచి రాలేదు. ఆ ఖాళీ చిప్పు మనం ఎలా రాస్తే అలా తయారవుతుంది. బజారులో దొరికే ప్రాసెసర్‌కి వెయ్యి పనులు వచ్చు, ఏ పనీ మనకు కావలసినంత వేగంగా చేయదు. మన యంత్రానికి కావలసినవి నాలుగే పనులు: గింజను చూడడం, మంచి గింజతో పోల్చడం, రాయో గింజో తేల్చడం, రాయైతే గాలితో ఊదేయడం. ఆ నాలుగే తెలిసిన ప్రాసెసర్ని మేం చిప్పులో రాసుకున్నాం. మొదట మూడు రాశాం. ఒకటి చాలని తేలాక రెండు తుడిచేశాం.

దయచేసి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. ఆదివారం వస్తాను. ప్రాసెసర్ మాత్రం సంచిలో రాదు. కరెంటు తీసేస్తే అది ఉండదు.

*

డిజైన్ సెక్షన్ ఇంజనీరు గారికి,
స్టోర్స్ ఆఫీసరు రాయునది.

మీ ఉత్తరం చదివాక నాకు నిద్ర కరువైంది. మూడు ప్రాసెసర్లలో రెండింటిని తుడిచేశామని మీరే మీ చేత్తో ఒప్పుకున్నారు. ఈ కంపెనీలో విరిగిన కుర్చీని పారేయాలన్నా ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చోవాలి. మీరు గుడ్డ పెట్టి తుడిచారా, ఇంకెలాగైనా తుడిచారా అన్నది విచారణలో తేలుతుంది.

ఇక మిగిలిన ఆ ఒక్కటీ కరెంటు తీసేస్తే ఉండదట. ఎక్కడికి పోతుంది? ఎవరితో పోతుంది? చెప్పకుండా పోయే సరుకును నా ముప్పై ఏళ్ళ సర్వీసులో చూడలేదు. నిన్నటి నుంచి యంత్రం పక్కన వాచ్‌మన్‌ని కూర్చోబెట్టాను. రాకపోకలు పుస్తకంలో రాస్తాడు.

ఇట్లు,
స్టోర్స్ ఆఫీసరు

తా.క. నిన్న సాయంత్రం ప్రాసెసర్ అయిదూ పదికి పోయి, అయిదూ పాతికకి వచ్చిందట. ఆ పావుగంటలో గేటు దాటింది టీ కెటిల్ ఒక్కటే. దాన్ని వంపించి చూశాం.

*

బావగారికి,

మీకిది చెలగాటం, నాకు ప్రాణసంకటం. చిప్పు పక్కనే ఇంకో చిన్న మెమరీ చిప్పు ఉంది. మేం రాసిందంతా అందులో భద్రంగా ఉంటుంది. కరెంటు రాగానే పెద్ద చిప్పు దాన్ని చదువుకుని రెప్పపాటులో మళ్ళీ ప్రాసెసర్ అయిపోతుంది. అది ఎక్కడికీ పోదు, ఎక్కణ్ణుంచీ రాదు. మీరు స్టోర్స్ గదిలో కూర్చున్నంతసేపే ఆఫీసరు. ఇంటికొచ్చాక ఆ ఆఫీసరు ఎక్కడుంటాడో మా అక్కని అడగండి.

రేపు పందొమ్మిది. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఏడుపొస్తోంది బావా, వదిలేయండి.

ఇట్లు,
మీ మరదలు

తా.క. వాచ్‌మన్‌ని కూడా తీసేయండి. మేం స్విచ్చి వేసినప్పుడల్లా లేచి నమస్కారం పెడుతున్నాడు.

*

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి,
మీ బావ ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఏడుస్తున్నానని రాశాక నా మనసు ఆగలేదు. పందొమ్మిదిన యంత్రానికి బ్యాటరీ పెట్టించి, దారిలో పారిపోకుండా కరెంటు తీయకుండానే గేటు దాటించాను. బండిలో ఒక్కరికే చోటుంది. సరుకుకి బాధ్యుణ్ణి కాబట్టి నేనే ఎక్కాను.

పరీక్ష నిన్న జరిగింది. బస్తాడు గింజలు పోస్తే ఒక్క రాయి కూడా తప్పించుకోలేదు. కొనేవాళ్ళు ఇదెలా పనిచేస్తుందని అడిగారు. మన పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీ ఉత్తరాలు ఫైలులోనే ఉన్నాయి కాబట్టి నేను లేచాను. దీనికి నాలుగే పనులు వచ్చు, అందుకే ఇంత వేగం అన్నాను. కరెంటు రాగానే డ్యూటీలో చేరుతుంది, పోగానే దిగుతుంది అన్నాను. అక్కడికక్కడే ఆర్డరిచ్చారు.

ఆ సెక్షన్‌లో ఏం జరుగుతోందో నాలుగేళ్ళలో తనకి అర్థమయ్యేలా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణేనని మన పెద్దాయన నా భుజం తట్టాడు. మీ సెక్షన్ మూయడం లేదు. సోమవారం నుంచి దానికి హెడ్డుని నేనే.

రాగానే మొదటి మార్పు ఇది. ప్రాసెసర్‌కి ఐదో పని నేర్పాలి. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆరోది, ఏడోది సోమవారం చెప్తాను.

ఇట్లు,
మీ బావ, డిజైన్ సెక్షన్ హెడ్డు

తా.క. ఈ కబురు మీ అక్కకి చెప్పాను. 'అయ్యో, చెల్లీ' అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మన కుటుంబంలో ఇద్దరం ఒకే సెక్షన్‌లో పడ్డామని సంతోషం పట్టలేకపోయినట్టుంది.