గసగసాల పొట్లం

చిరంజీవి ఇందుమతికి అక్క ఆశీస్సులు. నిన్న దుబాయ్ చేరాం. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగాలేదు. ట్రావెల్స్ వాళ్లు వద్దన్నా, కోడికూరలోకని గసగసాల పొట్లం రాధాకుమారి వదిన సంచిలో తనకు చెప్పకుండా దూర్చాను. ఇక్కడ అవి మత్తుమందు కిందే లెక్కట. కస్టమ్స్‌లో "ఎవరిది?" అని అడిగితే నేను తల దించుకున్నాను. వదిన నావైపు ఒకసారి చూసి, "నాదే సార్, తెలియక తెచ్చాను" అంది. మూడు గంటలు కూర్చోబెట్టి వదిలారు. బయటికొచ్చి, "నువ్వేమైనా తిన్నావా?" అని మాత్రం అడిగింది.

వచ్చే నెల మీరొచ్చేటప్పుడు గసగసాలు తేవద్దు. మరిదిగారి బీపీ మాత్రలతో డాక్టరు చీటీ కూడా పెట్టుకోండి. గుడివాడలో వానలు పడ్డాయా? వదిన ఫోన్ చేస్తే ఈ సంగతి ఎత్తకు. క్షమించమనడానికి నాకింకా నోరు రాలేదు. పిల్లలకు ముద్దులు.

మీ అక్క,
సీతారావమ్మ