రాయికి గుడ్డ చుట్టేవాడు

14 సెప్టెంబర్ 1996, శనివారం

...అందుకే నిన్న జెట్టీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే నవ్వాలి. హలో గ్రాహమ్ అనాలి. నావల్ల కాదు. కజిన్ డోర్కస్ వెళ్ళొచ్చి ఒకటే వాగుడు. ఎంత సన్నగా అయిపోయాడో చూడవే, ఫెర్రీ దిగగానే ఆకాని పట్టుకుని ఏడ్చేశాడే అని. మా అమ్మమ్మని ఆకా అంటాం.

ఏడవనీ. ఎఫ్రాయిమ్ మామయ్య పోయి మూడేళ్ళయింది. ఇప్పటికి సమాధి రాయి సిద్ధమైంది. వచ్చే శనివారం రాయికి చుట్టిన గుడ్డ అందరి ముందూ విప్పుతారు, రాయి తెరవడం అంటాం. థర్స్‌డే ఐలండ్ మొత్తం వస్తుంది. ఆ రోజు మామయ్య గురించి ఏం చెప్పుకుంటే ఇక అదే మిగులుతుంది.

సిడ్నీలో మామయ్య గ్రాహమ్ ఇంట్లోనే ఉండేవాడు. ఫ్రెండ్ అంటారు మావాళ్ళు. మామయ్య వేసిన ప్రింట్లన్నీ మన ఊరి హాల్లో ఉండాలని పెట్టెలో మోసుకొచ్చాడట. ఎంత మంచివాడో అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ప్రింట్ల కోసం లినో పలక చెక్కడం మామయ్య నేర్పింది నాకు. కత్తి నీ వైపు లాగకే పిచ్చిమొహమా, అటు తొయ్యి అనేవాడు. గ్రాహమ్‌కి పెన్సిల్ చెక్కడం కూడా రాదు.

15 సెప్టెంబర్, చర్చి తర్వాత

పెట్టె తెరిచారు. తాబేలు. డింగీ పడవ. ఆకా చేతులు. తర్వాత నిద్రపోతున్న గ్రాహమ్. చేపకి పొలుసు తీస్తున్న గ్రాహమ్. హాస్పిటల్ కుర్చీలో గ్రాహమ్.

నేను ఎక్కడా లేను. అడుగుదాకా వెతికాను.

అదే రోజు, సాయంత్రం

డోర్కస్‌కి చెప్పేశాను. మామయ్యది న్యుమోనియా కాదు, ఎయిడ్స్ అని. గ్రాహమ్‌కీ ఉంది, అందుకే అలా చిక్కిపోయాడు అని. ఆ రెండోది నాకు తెలీదు. ఊరికే అనేశాను.

మామయ్య చివరిసారి ఫోన్లో, కెజియా, నీకొక్కదానికే చెప్తున్నా అన్నాడు. ఆయన నుంచి నాకంటూ మిగిలింది ఆ మాటే. గ్రాహమ్ మీద కోపంతో అదీ పోగొట్టుకున్నాను.

17 సెప్టెంబర్

శనివారం విందు వంటకి ఎవరూ రాలేదు.

18 సెప్టెంబర్

దీవంతా తెలిసిపోయింది. పెద్ద మామయ్య భార్య తబితా అత్త గ్రాహమ్ ప్లేటు విడిగా బయట పంపు దగ్గర పెట్టింది. షాపులో ఒకావిడ, ఎఫ్రాయిమ్ ఇచ్చిన బొమ్మ గోడ మీంచి తీసేశానమ్మా, పిల్లలున్న ఇల్లు కదా అంది. ఆవిడ పెళ్ళికి మామయ్య ఇచ్చిన బొమ్మ అది.

గ్రాహమ్‌ని కొట్టబోయాను. దెబ్బ మామయ్యకి తగిలింది.

ఎవరు బయటపెట్టారో అని అందరూ ఆరా తీస్తున్నారు. డోర్కస్ నా వైపు చూడట్లేదు.

19 సెప్టెంబర్

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

మాలో చావు పని రక్తసంబంధీకులు ముట్టుకోరు. గొయ్యి తవ్వాలన్నా, రాయికి గుడ్డ చుట్టాలన్నా పెళ్ళితో కలిసినవాళ్ళే చెయ్యాలి. వాళ్ళని మారిగెత్ అంటాం. మామయ్యకి పెళ్ళి కాలేదు. అందుకని తబితా అత్త తమ్ముళ్ళు చేస్తామన్నారు. ఇవాళ అత్త వచ్చి, మావాళ్ళు రారు అత్తయ్యా, భయపడుతున్నారు అని ఆకాతో చెప్పింది. మారిగెత్ లేకపోతే రాయి తెరవడం ఉండదు. అంతే.

ఆకా కొబ్బరి కోరడం ఆపలేదు. సరే, రావొద్దను అంది. గ్రాహమ్, ఇటు రా నాయనా అంది. నా కొడుకుతో కాపురం చేసినవాడివి, నిన్ను అల్లుడనాలో కోడలనాలో నాకు తెలీదు, ఏదో ఒకటి, చుట్టాల్సింది మాత్రం నువ్వే అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆకా కూడా నవ్వింది. తర్వాత అందరికీ వినపడేలా, నా కొడుకు ఎయిడ్స్‌తో పోయాడు, ఫోన్ చేసి నీకొక్కదానికే చెప్తున్నానమ్మా అన్నాడు, ఎల్లుండి రాయి దగ్గర కూడా నేను అదే చెప్తాను, ఇష్టమైనవాళ్ళు రండి అంది.

నీకొక్కదానికే! ఆకాతో కూడా అదే మాట!

అత్త వెళ్ళిపోయింది. కొంతమంది ఆగారు. కత్తిపీటలు తీశారు. గ్రాహమ్ మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నాడు. నేను చూసింది అతని చేతుల్ని. అవి రాయిని ముట్టుకోవచ్చు. నేను మేనకోడల్ని, రక్తం, నావి తగలకూడదు. మా పద్ధతే నన్ను పక్కకి నెట్టి అతన్ని లోపలికి పిలిచింది.

20 సెప్టెంబర్

గుడ్డ ఎలా మడవాలో, రిబ్బన్ ఎటునుంచి తిప్పాలో గ్రాహమ్‌కి తెలీదు. పక్కన నిలబడి నువ్వు చెప్పు, వాడు చుడతాడు అంది ఆకా. ఎవరు బయటపెట్టారని నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది.

బయటపెట్టింది నేనేనని అతనికి చెప్పాలి. చెప్పాక నా మాట విని గుడ్డ చుడతాడా? చెప్పకుండా ఎలా నిలబడను?

తలుపు కొడుతున్నాడు. కెజియా, టైమైందమ్మా అంటున్నాడు. కాగితాలు బియ్యం బస్తా వెనక పెడుతున్నాను.