బొడ్డమ్మ అరికాలు

రంగూను, కార్తీక మాసం.

అమ్మకు పైడిరాజు దండాలు, నేను కులాసాగా ఉన్నాను.

నా కూతురు బొడ్డమ్మకి నాలాగే అరికాలు చదునుగా ఉందనీ, గుంట పడాలని నువ్వు కొబ్బరి చిప్ప ముక్క పెట్టి గుడ్డ కడుతున్నావనీ రాయించావు. ఆ కట్టు ఈ పూటే విప్పెయ్యి. బియ్యం మిల్లులో పొద్దస్తమానం నిలబడి నా పాదాలు వాస్తే ఇక్కడి కాంపౌండరు దగ్గరికి వెళ్లాను. ఆయనది మన ఇచ్ఛాపురమే. పాప సంగతీ అడిగాను. "రెండేళ్ల పిల్లకి గుంటేటి మావా? ఆ వయసులో అందరికీ సదునుగానే ఉంటాది. పెరిగితే అదే వత్తాది. ఇసకలో వట్టికాళ్లతో నడవనియ్యండి" అన్నాడు. నా చెప్పుల్లో పాదం మధ్య ఆనేలా తోలు మెత్త కుట్టించుకోమన్నాడు. కుట్టించాక నొప్పి తగ్గింది.

తోటలో కాయ దింపారా? గేదె ఈనిందా? నీ కోడల్ని అడిగానని చెప్పు.

నేను ఓడెక్కిన నెలకి పుట్టిన పిల్ల, ఇంకా నా కంటపడలేదు. ఈసారి జవాబు రాయించవద్దు. పోస్టు కార్డు మీద ఒకవైపు మాస్టారి చేత నా అడ్రసు మాత్రం రాయించి, దాని అరికాలికి పసుపు పూసి రెండోవైపు నిలబెట్టు. వేళ్లు కార్డులో పట్టకపోతే అంత పెరిగిందనుకుంటాను.