హాట్ గడ్డకి సూది అక్కర్లేదు

2018 మార్చి 9, మొక్‌పో

నాకు డెబ్బై ఎనిమిది నిండాయి. పుట్టినరోజున సముద్రపు నాచు సూప్ లేకపోవడం ఇదే మొదటిసారి. మెడలో గడ్డకి స్కాన్ తీయాలి, నాచులో అయోడిన్ స్కాన్‌కి అడ్డట, రెండు వారాలు ముట్టకూడదట. యుద్ధంలో కూడా మీ అమ్మ ఈ పూట నాచు వండింది కదండీ, అని గొణుగుతూ నా భార్య సున్‌రే సోయా మొలకల సూప్ పెట్టింది.

డాక్టర్ చోయ్ గిథే నా దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. నా రిటైర్మెంట్ విందులో, మాస్టారి బెత్తం పడిన చోట వానొచ్చే ముందు ఇంకా సలుపుతుంది, అని ఊరంతటినీ నవ్వించాడు. పదిహేనేళ్ళయింది. నేను మరచిపోలేదు.

మార్చి 21

గడ్డ 'హాట్' అట. థైరాయిడ్ హార్మోన్‌ని అదే పనిగా తయారుచేస్తోందట. గుండెదడ, చేతివణుకు, తగ్గిన ఆరు కిలోలు, అంతా దాని పనే.

మార్చి 23

రెండు రోజులు థైరాయిడ్ డాక్టర్ల గైడ్‌లైన్ పుస్తకం, ఇంకా దొరికినవన్నీ చదివాను. అన్నిటా ఒకటే మాట. హాట్ గడ్డలో క్యాన్సర్ అరుదు. గుచ్చి కణాలు తీసి పరీక్షించే సూది అక్కర్లేదు.

మార్చి 26

గిథే అల్ట్రాసౌండ్ చూపించాడు. అంచులు రంపంలా ఉన్నాయి మాస్టారూ, లోపల ఇసుక చల్లినట్టు చుక్కలున్నాయి, ఒక్క సూది గుచ్చనివ్వండి, అన్నాడు. అరుదంటే అసలు లేదని కాదు కదా, అన్నాడు.

గైడ్‌లైన్ పేజీ నంబరుతో సహా అప్పజెప్పాను. నర్సుల ముందే. మళ్ళీ ఫెయిలయ్యావురా గిథే, అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి, తొమ్మిదో తరగతిలో లాగే. లేచి నడుం వంచి నమస్కరించాడు. మాత్రలు రాశాడు. మనసు మారితే ఏ వేళైనా చేయండి, అని సెల్ నంబరు ఇచ్చాడు.

ఇంటికొచ్చి నాచు సూప్ వండించుకున్నాను. తినొచ్చో లేదో అడిగారా, అంది సున్‌రే. రెండు గిన్నెలు తాగాను.

మే 14

దడ లేదు. రెండు కిలోలు పెరిగాను. నేనే రైట్.

జూన్ 30

గొంతు బొంగురుపోయింది. ఫ్యాన్ గాలి వల్ల. పెళ్ళయిన నలభై ఏడేళ్ళకి మీ తిట్లు వినబడకుండా పోయాయి, దేవుడున్నాడు, అని సున్‌రే నవ్వింది. తర్వాత నా మెడ వైపు చూసి నవ్వు ఆపేసింది.

జులై 17

మంచినీళ్ళు పొరబోతున్నాయి. ఆ గైడ్‌లైన్ పుస్తకం మళ్ళీ తీశాను. 'అరుదు' అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత ఉంది. నేను గీసిందే.

జులై 19

సున్‌రే బజారుకి వెళ్ళాక గిథేకి ఫోన్ చేశాను. ఎవరండీ, అన్నాడు. చెప్పాను. ఎవరండీ, వినబడటం లేదు, అన్నాడు. మళ్ళీ చెప్పాను.

పెట్టేశాడు.