ఒకటో నంబరు చెరువు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టింది. తెనాలి స్టేషన్లో రేపల్లె రైలు ఎదురుగానే ఉంది, నాకే ఎక్కబుద్ధి కావడం లేదు. పొద్దున నా ఎమ్మెస్సీ వైవా అయింది.

మన రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు వచ్చినప్పుడు, ఆ నీళ్లు కాలవలోకి వదలొద్దని, బ్లీచింగు కలిపి కొన్నాళ్లు ఆపమని ఎంత మొత్తుకున్నాను. "నువ్వు చదివావని రొయ్యలు బతుకుతాయా?" అన్నావు. చుట్టుపక్కల వాళ్లంతా ఆ కాలవలోంచే తోడుకుంటారని తెలిసి కూడా వదిలించావు. వారం తిరక్కుండా వాళ్ల చెరువులన్నీ పోయాయి. నువ్వూ ఆ నీళ్లే మళ్లీ తోడి రెండో పంట పోగొట్టుకున్నావు. అప్పుడూ రొయ్యపిల్ల మంచిది కాదనే అన్నావు.

నా ప్రాజెక్టులో ఒకటో నంబరు చెరువు నీదే. పేరు రాయలేదు.

"జబ్బు ఇక్కణ్ణుంచే పాకిందని ఇంత గట్టిగా ఎలా రాశావమ్మా?" అని వైవాలో సార్ అడిగారు.

"తూము పలక ఎత్తింది నేనేనండి. మా నాన్న ఎత్తమన్నాడు" అన్నాను.

ఫస్టు క్లాసు వచ్చింది. అదీ నీ దయే.