గొడుగు వెంట బాంబెర్గ్

డోర్ట్‌ముండ్, మే 6

బాంబెర్గ్ ఊరు చూపించే ఆఫీసువారికి,

మా బృందగాన సంఘం తరఫున నమస్కారాలు. శనివారం మమ్మల్ని తిప్పిన పెద్దమనిషికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఎన్నో ఊళ్ళు తిరిగాం గానీ నడిచినంతసేపూ ఇంత తక్కువ మాట్లాడే గైడును చూడలేదు. చెవులకు ఎంతో హాయి. వచ్చే ఏడు కూడా ఆయన్నే పంపండి.

ఇట్లు,
గెర్లిండె కోట్కె, అధ్యక్షురాలు

తా.క.: ఆయన చూపించిన మందుల షాపులో కొన్న మోకాళ్ళ మందు మా అందరికీ బాగా పనిచేస్తోంది.

బాంబెర్గ్, మే 10

గెర్లిండె గారికి నమస్తే.

మీ ఉత్తరం ఆఫీసువాళ్ళు నా చేతిలో పెట్టి, జవాబు నన్నే చెప్పుకోమన్నారు. ఆ రోజు మీకు గైడుగా రావాల్సింది నేను. మగవాణ్ణి కాను. చెప్పినట్టే పదింటికి ఫౌంటెన్ దగ్గరకు వచ్చి, గంటసేపు దిక్కులు చూస్తూ నిలబడ్డాను. నేను డుమ్మా కొట్టి ఎవరినో పంపానని ఆఫీసులో అనుమానం. నా శనివారాలు ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు. ఆ శనివారాలే నా ప్రాణం. మిమ్మల్ని తిప్పింది ఎవరో దయచేసి రాయండి.

భవదీయురాలు,
ఆనెగ్రెట్ డోర్‌ఫ్లర్

తా.క.: మా టూరులో మందుల షాపు లేదు.

డోర్ట్‌ముండ్, మే 14

ఆనెగ్రెట్ గారూ,

పదింటికి రమ్మంటే సరిగ్గా పదింటికి వస్తారా ఎవరైనా? మేం తొమ్మిదిన్నరకే వచ్చాం. మీ ఆఫీసు బొమ్మ ఉన్న గొడుగు పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి నడక మొదలుపెట్టాడు, మేమూ బయలుదేరాం. పిట్ట కూడా లేని రోడ్డు మీద ఎర్రదీపం చూసి ఆగాడు. బాధ్యత గల మనిషని అక్కడే తేలిపోయింది. ఆయన రొట్టె కొంటే మేమూ కొన్నాం. చర్చిలో దూరితే మేమూ దూరి ఒక పాట పాడాం. ఆయన వేగం పెంచితే, చూడాల్సినవి చాలా ఉన్నాయి కాబోలని మేమూ పరుగెత్తాం. చివరికి బీరు తోటలో కూలబడి, "ఇంతకీ మీరంతా ఎవరండీ?" అన్నాడు. పేరుపేరునా పరిచయం చేసుకున్నాం. రెండో గ్లాసుకు నోరు విప్పాడు, ఇక ఆపలేదు.

తప్పు మాదేనని మీ ఆఫీసుకు విడిగా రాశాను.

గెర్లిండె

తా.క.: బిషప్ గారి వంటమనిషి ఆలుగడ్డ ఉండల్ని వంతెన మీంచి పారబోస్తే, అవి మింగిన చేపలు వారందాకా పైకి తేలలేకపోయాయన్న కథకు మా కోశాధికారి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

బాంబెర్గ్, మే 18

ప్రియమైన గెర్లిండె గారికి,

ఆ వంటమనిషి ఏ చరిత్రలోనూ లేదు. గిన్నెలు తోముతూ నాకు నేను చెప్పుకున్న కథ అది. సిగ్గేసి ఏ గుంపుకీ చెప్పలేదు. అప్పుడు వంటింట్లో ఉండేది ఒక్కరే, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునే మా ఆయన ఆల్ఫోన్స్. నిలదీస్తే ఒప్పుకున్నాడు. నేను ఇంట్లో మరిచిపోయిన గొడుగు ఇవ్వడానికి నాకన్నా ముందే ఫౌంటెన్ దగ్గరకు వచ్చాడట. మీరు వెంటపడితే వద్దనడానికి మొహమాటపడ్డాడట. ఆ సాయంత్రం నేను ఏడుస్తున్నా నోరెత్తలేదు. డాక్టరు మానమన్న బీరు తాగిన సంగతి బయటపడుతుందని భయం మరి.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటైనా ఆయన చెవికెక్కిందనుకోలేదు. అన్నీ విన్నాడండీ. రెండు రోజులుగా నాకు ఒకటే సంతోషం.

శనివారాలు నాకే ఉన్నాయి. మీకు మాత్రం వచ్చే ఏడు ఆయనే వస్తాడు.

మీ ఆనెగ్రెట్

తా.క.: మీ గుంపులో నాకూ ఒక చోటు ఉంచండి. వెనకాల నిలబడతాను. మా ఆయన మాట్లాడితే ఎలా ఉంటుందో నేనూ వినాలి.